మన్ను లేని కుండీ

మా ఆడబిడ్డ నా మొక్కకు కుండీ మార్చిన రోజు నేను కుప్పంలో ఉన్నాను. ఇంట్లో ఉండి ఉంటే కుండీని ఆమె చేతిలోంచి లాక్కునేదాన్ని. అంతటితో ఆగేదాన్నని కూడా చెప్పలేను. శనివారం సాయంత్రం బస్సు దిగి మదనపల్లెలో ఇంటికి వచ్చేసరికి పని పూర్తయిపోయింది. వరండాలో ఒక మూల కొబ్బరి పీచు కుప్పగా పడి ఉంది. వేలాడదీసే ప్లాస్టిక్ కుండీ పగిలి దాని పక్కన ఉంది. నా కూజా మొక్క మాత్రం మెట్ల దగ్గర ఎండలో, ఒక పెద్ద సిమెంటు తొట్టిలో, మెడదాకా ఎర్రమట్టిలోనూ దిబ్బెరువులోనూ కూరుకుపోయి ఉంది. తొట్టికి పసుపు రాసి కుంకుమ బొట్టు కూడా పెట్టారు.

కూజా మొక్కంటే తెలియనివాళ్లకు చెప్పాలి. దాని ఆకు చివర సన్నని తీగ సాగుతుంది. ఆ తీగ కొసన వేలెడంత కూజా ఒకటి మూతతో సహా వేలాడుతుంది. లోపల జిగట నీళ్లుంటాయి. తీపికి ఆశపడి వచ్చిన చీమో ఈగో అంచు మీద కాలు జారి అందులో పడితే ఇక పైకి రాదు. మొక్క దాన్ని మెల్లగా అరిగించుకుంటుంది. సారం లేని నేలలో పుట్టిన జాతి కాబట్టి తిండిని వేళ్లతో కాకుండా ఆకులతో సంపాదించుకోవడం నేర్చుకుంది. నేను బడిలో పిల్లలకు చెప్పే పాఠమే ఇది. కుప్పం దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. వారమంతా కుప్పంలో అద్దె గదిలో ఉండి, శని ఆదివారాలు మదనపల్లెకు వస్తాను. మా ఆయనకు టమాటా మార్కెట్‌లో మండీ ఉంది.

ఆ మొక్కను బెంగళూరు నుంచి వస్తూ కొన్నాను. రెండోసారి కూడా కడుపు నిలవక, అక్కడి ఆసుపత్రిలో చూపించుకుని తిరిగి వస్తున్నాం. దారిలో టీ తాగుదామని ఆయన అద్దె కారు ఆపించాడు. పక్కనే నర్సరీ. పుస్తకంలో బొమ్మగా తప్ప నేనెన్నడూ చూడని మొక్క అక్కడ కళ్లెదుట వేలాడుతోంది. పూలు పూస్తుందా అని ఆయన అడిగాడు. పురుగుల్ని తింటుందన్నాను. అయితే మండీకి తీసుకుపోదాం, ఈగలతో చస్తున్నాం అన్నాడు. ఆ రోజు మేమిద్దరం నవ్వింది ఆ మాటకే.

నర్సరీ అతను చెప్పిన జాగ్రత్తలన్నీ వినడానికి తలకిందులుగా ఉన్నాయి. మట్టి వేయకూడదట. ఎరువు అసలు చూపించకూడదట. కొబ్బరి పీచు, కాస్త బొగ్గు, నాచు, అంతే. బోరు నీళ్లు పోయకూడదు. వాన నీళ్లు పట్టి పోయాలి, అవి లేకపోతే క్యాన్ నీళ్లు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, మిగతా చెట్లు వేటితో బతుకుతాయో ఈ మొక్క వాటితో చస్తుంది. ఆ పెంకితనమే నాకు నచ్చింది.

ఇక మా ఆడబిడ్డ. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా ఇంట్లో ఆ సగం లెక్క చాలదు, ముప్పాతిక వంతు ఆమే. మా అత్త చనిపోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. ఆ సంగతి ఆయన మరిచిపోకుండా చూసుకోవడం ఆమెకు ముఖ్యమైన పని. ఉండేది పుంగనూరులో. ఇంటి ముందు పుంగనూరు పొట్టి ఆవును కట్టేసుకుని, వచ్చేపోయేవాళ్లు దాన్ని ఫోటోలు తీసుకుంటుంటే తననే తీస్తున్నట్టు కొంగు సర్దుకుంటుంది. ఆ ఆవు పేడంటే ఆమెకు ప్రసాదంతో సమానం. ఎవరింటికి పోయినా ఒక సంచిలో మాగిన దిబ్బెరువు పట్టుకుని పోతుంది. ఆమె చెయ్యి మంచిదని చుట్టాల్లో పేరు. గిల్లి గుచ్చిన మల్లె కొమ్మ కూడా చిగురిస్తుందంటారు, నేనూ చూశాను, అది అబద్ధం కాదు.

ఆమె కూతురి పెళ్లిలో జరిగింది చెప్పకపోతే తర్వాత నేను పడ్డ పాటు మీకు పిచ్చిలా కనిపిస్తుంది. పెళ్లికి ముందు ముత్తైదువలు పాలికల్లో, అంటే చిన్న మట్టి మూకుళ్లలో, నవధాన్యాలు చల్లి నీళ్లు పోస్తారు. మొలకలు ఎంత పచ్చగా వస్తే ఆ జంట అంత పచ్చగా ఉంటుందని నమ్మకం. అందరూ వరసగా చల్లుతున్నారు. నా వంతు వచ్చి ధాన్యం గిన్నె కోసం చెయ్యి చాపాను. మా ఆడబిడ్డ ఆ గిన్నెను నా చేతి పక్కనుంచి తీసుకుపోయి నా వెనకున్నామెకు ఇచ్చింది. కోపంగా కాదు, ఎంతో మామూలుగా. చాపిన చేతిని ఏం చేయాలో తెలియక నేను జడ సర్దుకున్నాను. తర్వాత వంటింట్లో ఎవరితోనో అంటుంటే విన్నాను, దాని చేతిలో ఏదీ నిలవదని.

మా ఆయనకు ఆ రాత్రే చెప్పాను. అక్క నోరు అంతే, మనసులో ఏమీ ఉండదన్నాడు. మనసులో లేనిది నోట్లోకి ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే అటు తిరిగి పడుకున్నాడు.

ఆ పెళ్లి నుంచి వచ్చాక ఆ మొక్కను చూసే చూపు మారింది నాకు. అది బతకాలి. నా చేతిలో బతకాలి. బతికిందని ఆ ఇంట్లో ఒక్కరైనా నోరు తెరిచి అనాలి. జీవశాస్త్రం చదువుకున్నదాన్ని, చేతికీ కడుపుకూ మొక్కకూ సంబంధం లేదని తెలియక కాదు. తెలిసినా ఆ పంతం తగ్గలేదు. మొక్క కూడా నాతో పంతం పట్టినట్టే పెరిగింది. కిటికీ నిండా కూజాలు వేలాడాయి.

అలాంటి మొక్కను ఎండలో దిబ్బెరువులో చూశాను. బ్యాగు కూడా దించకుండా ఎవరు మార్చారని అడిగాను. మా ఆడబిడ్డ లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఏదో మేలు చేసి మెప్పు కోసం చూసే ముఖం.

"మన్నే లేదమ్మా దాంట్లో. ఉత్త పీచు. బెంగళూరోళ్లు నిన్ను బాగా మోసం చేసినారు. మా ఆవు ఎరువు, ఎర్రమన్ను కలిపి పెట్టినా. ఇంక సూడు, ఎట్లా లేస్తాదో."

కూజాల్లో నీళ్లేవని అడిగాను. కుళ్లిపోయి ఉండాయి, చచ్చిన చీమలు, వాసన, అన్నీ వంచి పారబోసి కడిగినానంది. గ్లాసులు తోమి బోర్లించినట్టు చెప్పింది. మొక్కకు అది కడుపు. కడుపు కడిగేసింది.

అప్పటికీ నన్ను నేను పట్టుకున్నాను. నీళ్లు ఏవి పోశారని అడిగాను. బోరు నీళ్లు, మూడు పూటలా, అంది. మా వీధి బోరు నీళ్లతో పప్పు ఉడకదు, బకెట్టు అంచున తెల్లటి పెచ్చు కడుతుంది. క్యాన్ నీళ్లు పోయమని చెప్పి వెళ్లాను కదా అని మా ఆయన వైపు తిరిగాను. ఆయన అక్క వైపు చూశాడు.

"మినరల్ వాటర్ పొయ్యొద్దన్నావంట గదా. క్యాన్‌లో ఉండేది మినరల్ వాటరే గదమ్మా. అందుకే బోరుది పోసినా" అంది ఆమె.

నేను చెప్పింది ఆయనతో. మినరల్స్ ఉండే నీళ్లు పోయొద్దు, బోరు నీళ్లలో అవి ఎక్కువ, క్యాన్ నీళ్లే పోయాలి, అని విడమరచి చెప్పాను. మా ఊళ్లో క్యాన్ నీళ్లను అందరూ మినరల్ వాటర్ అంటారు. వాటిలో ఖనిజాలన్నీ వడగట్టి తీసేస్తారు, పేరు మాత్రం అదే నిలిచింది. నేను చెప్పిన దాంట్లోంచి ఆయనకు మినరల్ అనే మాట, వద్దు అనే మాట మిగిలాయి. ఆ రెండూ కలిపి అక్కకు అప్పజెప్పాడు. టమాటా బాక్సును ఒక్క చూపు చూసి మంచి కాయెంత, పారేయాల్సిన గసి ఎంత అని చెప్పగల మనిషి, పెళ్లాం చెప్పిన ఒక్క వాక్యాన్ని ఇంటి గుమ్మం దాకా మోయలేకపోయాడు.

అప్పుడు నేను అరిచాను. వీధిలో వాళ్లకు కూడా వినిపించే ఉంటుంది. ఎవరు ముట్టుకోమన్నారు, ఎవరినడిగి ముట్టుకున్నారు అన్నాను. మా ఆడబిడ్డ అరవలేదు. ఆమె ఎప్పుడూ అరవదు, అదే ఆమె బలం. మంచికి పోతే చెడు ఎదురైందని తమ్ముడితో అని, సంచి సర్దుకుంది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, ఒక చెట్టుకు ఇంత అరుస్తాండాది, బిడ్డలుంటే ఈమెకు ఇంత తీరిక యాడిది, అంది. ఆయన ఆమెను బస్సెక్కించడానికి బండి తీశాడు.

ఆయన తిరిగి వచ్చేసరికి మొక్కను తొట్టిలోంచి పెరికాను. క్యాన్ నీళ్లు బేసిన్‌లో పోసి, వేళ్లను అందులో ముంచి మట్టి వదిలిస్తున్నాను. ఆ మొక్క వేళ్లు నల్లగా, సన్నగా, వెంట్రుకల్లా ఉంటాయి. కాస్త గట్టిగా లాగితే తెగుతాయి. పేడ మాత్రం జిడ్డులా పట్టుకుంది. ఒక చేత్తో మొక్కను పట్టుకుని ఇంకో చేత్తో కడగడం కుదరక ఆయన్ను పట్టుకోమన్నాను. తప్పు చేసినవాడిలా వచ్చి, నా పక్కన గొంతుక్కూర్చుని కాడను పట్టుకున్నాడు. నీళ్లు నల్లబడినప్పుడల్లా పారబోసి మళ్లీ పోశాడు. చాలాసేపు కూర్చున్నాడు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, ఆయన అక్కడ ఉన్నాడు, కళ్లారా చూశాడు.

వరండాలో పడేసిన పీచునే ఏరి, కడిగి, బొగ్గు ముక్కలు కలిపి చిన్న కుండీలో మొక్కను నిలబెట్టాను. పండిపోయిన ఆకుల్ని కత్తిరించాను. ఎండిన కూజాల్ని తీసేశాను. పైన ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు బోర్లించి, తేమ లోపలే నిలిచేట్టు చేసి, నీడ పడే కిటికీలో పెట్టాను. క్యాన్ నీళ్లు తప్ప ఇంకేదీ పోయొద్దని చెప్పాను, ఈసారి మినరల్ అనే మాట ఎత్తలేదు.

మరుసటి వారం వచ్చేసరికి ఇంకా రెండాకులు నల్లబడ్డాయి. ఆ తర్వాతి వారం మొదలు దగ్గర నుంచి ఆకుపచ్చ తగ్గి కాడ గోధుమరంగుకు తిరిగింది. బస్సు పుంగనూరు మీదుగానే వస్తుంది. ఆ ఊరి మీద నాకేం కోపం లేదు, కానీ స్టాండులో ఆ పేరు బోర్డు మీద కనబడితే తల అటు తిప్పుకునేదాన్ని. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, దారి పొడవునా ఆమెతో మనసులో పోట్లాడుతూ వచ్చేదాన్ని. ఆ పోట్లాటల్లో ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని.

చచ్చిపోయిందని వదిలేయమని తోటి టీచర్లు కూడా చెప్పారు. కొత్తది కొనుక్కోవచ్చు కదా అన్నారు. కొత్తది నాకెందుకు? కొత్తది బతికితే బెంగళూరు నర్సరీ గొప్ప. ఇది బతకాలి నాకు. ఎక్కువ నీళ్లు పోయకుండా, ఎక్కువసార్లు కదిలించకుండా, వేళ్లు పట్టాయో లేదో లాగి చూడకుండా ఉండటమే ఆ మొక్కకు చేయగలిగిన సేవ. నాలాంటిదానికి అది శిక్ష. ఏదో ఒకటి చేస్తూ ఉంటే బాగుండు, ఏమీ చేయకుండా కవరు బయట నిలబడి చూడటం కష్టం. వానలు మొదలయ్యాక మేడ మీద టబ్బు పెట్టి వాన నీళ్లు పట్టాను. అవి మాత్రం కొద్దికొద్దిగా పోసేదాన్ని.

దసరా సెలవులకు చాలా ముందే కాడ మధ్యలోంచి ఒక మొలక వచ్చింది. సూది మొనంత పచ్చన. అది ఆకై విప్పుకుంది, ఆకు చివర తీగ సాగింది, కానీ కూజా రాలేదు. తీగ కొస ఎండిపోయింది. ఆ రోజు ఏడ్చాను, దాచడం దేనికి. తర్వాతి ఆకు ఇంకాస్త పెద్దగా వచ్చింది. దాని తీగ కొసన పెసర గింజంత ఉబ్బు కనిపించింది. నేను ఆయన్ను పిలిచి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని వంగి చూసి, "నువ్వు బతికించేసినావే దీన్ని" అన్నాడు. ఆ మాట నాకు పాయసంలా అనిపించింది. సెలవులు మొదలయ్యాక రోజూ ఆ ఉబ్బు పెరగడం చూస్తూ గడిపాను. అది పొడవు సాగింది, కిందికి వంగింది, నడుం తిరిగింది, ఒక ఉదయం మూత తెరుచుకుంది. అంచు ఎర్రగా, తడిగా మెరిసింది.

ఆ సెలవుల్లోనే ఒక ఆదివారం భోజనానికి మా ఆడబిడ్డ వచ్చింది, వెంట ఇద్దరు చుట్టాల ఆడవాళ్లు. అలిగిన గుర్తులేమీ లేవు, చేతిలో ఎప్పటి సంచే. నేను వడ్డిస్తున్నాను. ఆమె కిటికీ వైపు చూసి లేచి వెళ్లింది, కవరు తీసిన మొక్కను ఆ ఇద్దరికీ చూపించింది.

"సూసినారా, కొత్తగా కాసింది. ఈమె పీచులో పెట్టి సంపబోయినింది. మా ఆవు ఎరువు తగిలినాకే పానం వచ్చింది" అంది. వాళ్లు నీ చెయ్యి సంగతి తెలీదా అక్కా అన్నారు.

నేను గరిట పట్టుకుని నిలబడ్డాను. చెప్పగలను. పేడలో దాని వేళ్లు కాలాయని, బేసిన్‌లో నల్ల నీళ్లు ఎన్ని పారబోశామో చెప్పగలను. నేను చెబితే అది వాదన అవుతుంది, అరిచే మనిషి ఇంకోసారి అరిచినట్టవుతుంది. అందుకే ఆయన వైపు చూశాను. ఆమె కూడా ఆయన వైపే తిరిగింది.

"ఏమప్పా, నేను కుండీ మార్చినాకే గదా ఇది లేచింది?"

ఆయన అన్నంలో రసం కలుపుతున్నాడు. తల ఎత్తలేదు.

"అవునక్కా" అన్నాడు.

ఆడబిడ్డ మీద నాకు కోపం రాలేదు ఆ క్షణంలో. ఆమెకు తెలియదు, ఆమె తన ఆవును నమ్మింది. తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు ఆ గదిలో, ఆ తెలిసినదాన్ని అన్నంలో కలుపుకుని తినేశాడు. నేను అందరికీ మజ్జిగ కూడా వడ్డించాను. మధ్యాహ్నం వాళ్లు పడుకున్నాక మొక్కను ఒక అట్టపెట్టెలో నిలబెట్టి, చుట్టూ పాత చీర కుక్కి, బట్టల బ్యాగు భుజాన వేసుకుని బస్టాండుకు నడిచాను. సెలవులు ఇంకా మిగిలే ఉన్నాయి.

కుప్పం గదిలో ఉత్తరం వైపు చిన్న కిటికీ ఉంది. కూజా దారిలో ఒకవైపు నలిగింది, అయినా ఊడిపోలేదు. ఆ శనివారం నేను మదనపల్లెకు వెళ్లలేదు. తర్వాతి శనివారం కూడా వెళ్లలేదు. ఆయన ఫోన్లు చేశాడు. ఒక మాట అంటే ఏం పోతాది, ఇంట్లో గొడవ వద్దని అట్లా అన్నాను అన్నాడు. గొడవ ఎవరితో వద్దని అడిగాను. అక్కతో గొడవ పడకూడదు, నాతో పడితే ఫర్వాలేదు. ఇన్నేళ్ల కాపురం లెక్క అదే అని నాకు అప్పుడు అర్థమైంది.

దీపావళి దాటాక ఒక ఆదివారం ఆయనే వచ్చాడు. మండీ మానుకుని వచ్చాడంటే సామాన్యం కాదు. గదిలో ఒక్క కుర్చీ, అందులో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. కిటికీలో మొక్కను చూశాడు, ఇంకో కూజా కూడా వచ్చిందే అన్నాడు. ఇంట్లో ఏమీ బాగాలేదన్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది, నాకు జాలి వేయలేదని చెబితే అబద్ధం.

"నేను వస్తా. ఇప్పుడే వస్తా. ఒక్కటి చెయ్యి చాలు. మీ అక్కకు ఫోన్ చేసి, ఈ మొక్కను బతికించింది ఎవరో చెప్పు. నువ్వు చూసిందే చెప్పు" అన్నాను.

అంతేనా అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడంటే, నేను లేచి బ్యాగు కోసం మంచం కింద చూశాను కూడా. ఆయన ఫోన్ తీసి కలిపాడు. అవతల ఆమె ఎత్తింది, ఆ గొంతు నాకూ వినిపించింది.

"అక్కా, బాగుండావా? తిన్నావా? ఆవుకు జొరం తగ్గిందా?" అన్నాడు. ఆమె ఏదో చెప్పింది. ఊ కొట్టాడు. టమాటా రేటు పడిపోయిందన్నాడు. నా వైపు ఒకసారి చూశాడు, కిటికీ వైపు చూశాడు. "ఈడ కుప్పంలో ఉండా అక్కా" అన్నాడు. ఆమె మళ్లీ ఏదో అడిగింది. "ఏం లేదక్కా, ఊరికే చేసినా. ఉంటా మరి" అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నేను బ్యాగును మళ్లీ మంచం కిందికి తోశాను. కాఫీ చల్లారుతోంది, తాగమన్నాను. మదనపల్లెకు మూడింటికి ఒక బస్సు ఉందని కూడా చెప్పాను.